తలుపే లేని దుకాణానికి తాళం ఎవరు వేయాలి?

మా న్యూఢిల్లీ ప్రతినిధి

దేశ రాజధానిలో పానశాలలు రాత్రి ఒంటిగంటకు మూతపడాలన్నది సాధారణ నియమం. ఏటా డిసెంబరు 31 సమీపించేసరికి ఈ ఒంటిగంట గురించి ఇక్కడ పెద్ద చర్చ జరుగుతుంది. హోటళ్ల యజమానులు మరికొంత వ్యవధి కావాలంటారు. కాలనీల పెద్దలు తమ నిద్రాభంగం గురించి విజ్ఞాపనలు పంపుతారు. పోలీసులు కూడళ్లలో శ్వాసపరీక్ష యంత్రాలు పట్టుకొని నిలబడతారు. హైదరాబాదులోనూ అదే తంతు. ఎన్ని గంటలకు మూయాలి, మూయకపోతే ఎవరిని శిక్షించాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఈ వివాదమంతా తిరుగుతుంది.

అయితే ఈ వివాదానికి ముందు ఒక షరతు ఉన్నది. మూయడానికి ఒక తలుపంటూ ఉండాలి. ఆ తలుపు మీద ఒక లైసెన్సు సంఖ్య, దాని వెనుక ఒక బాధ్యుడు ఉండాలి. అటువంటి తలుపే చట్టం దృష్టిలో లేని చోట పోలీసులు ఏ వేళను అమలు చేస్తారు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే గుజరాత్‌లోని సూరత్ నగరానికి, అందులోనూ బమ్రోలి వంటి కార్మిక వాడకు వెళ్లాలి. అక్కడ దొరికే సమాధానం మన తెలుగు రాష్ట్రాలకు కూడా కొంత చేదుగానే ఉంటుంది.

మగ్గాల గడియారం

బమ్రోలి సూరత్‌కు దక్షిణాన, పాండేసరా పారిశ్రామిక వాడను ఆనుకొని ఉన్నది. ఒకప్పుడు గ్రామం; ఇప్పుడు నగరపాలక సంస్థలో కలిసిపోయింది. ఇక్కడ మరమగ్గాలు, పక్కనే పాండేసరాలో బట్టలకు రంగులద్దే మిల్లులు. సూరత్ మగ్గాల మీద పనిచేసే వారిలో ఒడిశాలోని గంజాం జిల్లా వారు అధిక సంఖ్యాకులు. ఉత్తరప్రదేశ్, బీహార్ల నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చినవారూ ఉన్నారు. మనవారూ ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు కోసం షోలాపూరుకు, భివండీకి, సూరత్‌కు తరలిపోయిన చరిత్ర పాఠకులకు విదితమే. లింబాయత్, ఉధనా పరిసరాలలో తెలుగు మాట వినపడుతుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక విద్య బోధిస్తున్నదంటే మనవారి సంఖ్య స్వల్పమేమీ కాదని గ్రహించవచ్చు.

ఇక్కడి జీవితాన్ని నడిపేది మగ్గాల గడియారం. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు ఒక షిఫ్టు, సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఏడు వరకు మరొకటి. పన్నెండు గంటలు చెవులు చిల్లులు పడే చప్పుడులో నిలబడి పనిచేసిన మనిషి గదికి చేరేసరికి, అదే చాపమీద నిద్రలేచిన మరొకడు పనికి బయలుదేరతాడు. గదికి అద్దె మనుషుల లెక్కన కాక షిఫ్టుల లెక్కన పంచుకొనే ఊరిది. ఒళ్లు నొప్పులకూ, ఒంటరితనానికీ ఇంత చుక్క వెదికే మనుషులు ఇటువంటి వాడలలో ఉండరనుకొంటే అది ఆత్మవంచన.

కాని గుజరాత్‌లో మద్యం నిషిద్ధం. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని 1960 మే 1న అవతరించిన గుజరాత్ రాష్ట్రం వారసత్వంగా స్వీకరించింది. గాంధీజీ పుట్టిన గడ్డ కనుక దానిని ఒక వ్రతంలా నిలుపుకొన్నది. ఆ చట్టంలోని ముఖ్యభాగాలను సుప్రీంకోర్టు 1951లోనే బల్సారా కేసులో సమర్థించింది. మద్యపాన నిషేధానికి ప్రభుత్వాలు కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం నిర్దేశిస్తున్నది. కనుక గుజరాత్ చేస్తున్నది రాజ్యాంగ విరుద్ధమని ఎవరూ అనజాలరు.

ఫలితమేమిటంటే, బమ్రోలిలో మూసివేత వేళ అన్నది లేదు. తెరిచే వేళ చట్టంలో ఉంటే కదా మూసే వేళ ఉండేది! సరుకు ఎక్కడైనా దొరికిందీ అంటే అది ఇరవై నాలుగు గంటలూ నేరమే. రాత్రి పదికి అమ్మినా, తెల్లవారి ఏడుకు షిఫ్టు దిగి వచ్చినవాడికి అమ్మినా శిక్షలో తేడా లేదు.

వేళకు గల ప్రయోజనం

మూసివేత వేళ అన్నది కేవలం పోలీసుల చాదస్తం కాదు. ఇంగ్లండులో అటువంటి నియమాలు అంతకుముందూ ఉన్నాయి. వాటిని బిగించినది మొదటి ప్రపంచ యుద్ధం. ఆయుధ కర్మాగారాలలో కార్మికులు తాగి పనికి రావడం లేదన్న ఆందోళనతో 1915లో ఒక నియంత్రణ మండలిని నెలకొల్పి, పానశాలలు తెరిచే గంటలను బాగా కుదించారు. మధ్యాహ్నం పూట కూడా మూయించారు. ఆ మధ్యాహ్నపు మూత 1988 దాకా సాగింది. 2005 నవంబరు నుంచి మాత్రమే అక్కడ ఇరవై నాలుగు గంటల లైసెన్సుకు వీలు కలిగింది. షిఫ్టు గడియారానికీ మద్యం గడియారానికీ ఉన్న ముడి ఆనాటిది.

గంటలను మరీ కుదిస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. దక్షిణ ఆస్ట్రేలియాలో 1916 నుంచి సాయంత్రం ఆరింటికే పానశాలలు మూయాలన్నారు. పని దిగిన కార్మికులు చివరి గంటలో గటగటా తాగి వీథిన పడేవారు. 1967లో గాని ఆ నియమం అక్కడ పోలేదు.

ఈ రెండు అనుభవాలలోనూ ఒక సంగతి సమానం. వేళ మీరిన యజమాని వద్ద పోగొట్టుకోవడానికి ఒక వస్తువు ఉన్నది. అదే లైసెన్సు. పోలీసుకు అతడిపై గల అధికారమంతా ఆ కాగితం నుంచి వస్తుంది. పోలీసు ఆ అధికారాన్ని దుర్వినియోగం చేస్తే నిలదీయడానికీ ఆ కాగితమే ఆధారం.

రాజధాని నేర్చుకొన్న పాఠం

కాగితం లేకపోతే ఏమవుతుందో ఢిల్లీ 1999లో చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 29 రాత్రి మెహ్రౌలీలోని ఒక విలాస భోజనశాలలో విందు జరిగింది. పేరుమోసినవారు, అధికారులు, రాజకీయుల బిడ్డలు అక్కడ ఉన్నారు. మద్యం అమ్మడానికి ఆ స్థలానికి లైసెన్సు లేదు. అర్ధరాత్రి దాటింది, సరుకు ఇవ్వడం ఆగిపోయింది. ఇంకా కావాలని వచ్చిన ఒక మాజీ కేంద్రమంత్రి కుమారుడికి జెస్సికా లాల్ అనే యువతి ‘లేదు’ అన్నది. అతడు ఆమెను కాల్చి చంపాడు. 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు నిందితులను విడిచిపెట్టింది, దేశమంతా ఆగ్రహించింది, అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించింది, 2010లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. ఈ కేసును మనం ధనబలానికి, సాక్షుల ఫిరాయింపుకు ఉదాహరణగా చెప్పుకొంటాము. మరొక విధంగా కూడా చూడవచ్చు. ఆ రాత్రి మూసివేత వేళను అమలు చేసే భారం నిరాయుధురాలైన ఒక యువతి మీద పడింది.

తరువాతి కాలంలో ఢిల్లీ ఒక కొత్త అడుగు వేసింది. హోటళ్లు, భోజనశాలలు, డిస్కోథెక్‌లు, ఈతకొలనులు మొదలైన ఏడు రకాల వ్యాపారాలకు లైసెన్సులిచ్చే అధికారాన్ని 2025 జూన్‌లో ఢిల్లీ పోలీసుల నుంచి తొలగించి, స్థానిక సంస్థలకూ సంబంధిత శాఖలకూ అప్పగించారు. శాంతిభద్రతలు చూడవలసినవారికి కాగితాలిచ్చే పని ఎందుకన్నది దీని వెనుక ఉన్న తర్కం. లైసెన్సు ఇచ్చే చేయి, లాఠీ పట్టే చేయి ఒకటే అయితే మామూళ్లకు దారి ఏర్పడుతుందన్నది ఎవరూ పైకి అనని రెండో తర్కం.

ఇప్పుడు బమ్రోలిని ఈ వెలుగులో చూడండి. నిషేధం ఉన్న చోట లైసెన్సు లేదు గనుక, అమ్మకం సాగినా సాగకపోయినా దానిని నిర్ణయించే శక్తి ఒక్క పోలీసు వ్యవస్థ చేతిలోనే ఉంటుంది. దాడి చేయాలా వద్దా, ఈ రోజా రేపా, ఏ వీథిలో ఎంతసేపు అన్నది కాగితం మీద ఎక్కడా ఉండదు. ఢిల్లీలో పోలీసుల నుంచి తీసివేసిన అధికారం, గుజరాత్‌లో చట్టమే అనుకోకుండా వారి చేతిలో పెట్టింది. ఫీజు రశీదు లేకుండా, అప్పీలు లేకుండా. బమ్రోలిలో ఫలానా ఠాణావారు తప్పు చేశారని ఈ లేఖ చెప్పడం లేదు. మనుషులు ఎంత మంచివారైనా, లెక్క చెప్పనక్కరలేని అధికారం చెడగొట్టక మానదన్నదే వాదన. కంచె ఎంత పెంచారన్నది ఒక లెక్క. కంచెకు కావలి ఎవరన్నది వేరొక లెక్క.

రోజిద్ గ్రామం చెప్పిన సాక్ష్యం

శిక్షల విషయంలో గుజరాత్ ఏనాడూ వెనుకాడలేదు. 2009 జులైలో అహమ్మదాబాదులో కల్తీసారాకు 130 మందికి పైగా బలయ్యారు. ప్రాణాలు తీసే కల్తీసారా తయారుచేసినవారికి మరణశిక్ష దాకా విధించే సవరణ తెచ్చారు. 2011లో అది చట్టమైంది. 2016 సెప్టెంబరులో సూరత్ జిల్లాలోనే వరేలీ గ్రామంలో ఇరవై మంది దాకా చనిపోయారు. ఆ డిసెంబరులో ఆర్డినెన్సు వచ్చింది. తయారీకి, అమ్మకానికి, రవాణాకు శిక్ష పదేళ్ల దాకా పెరిగింది. 2022 జులైలో బొటాద్ జిల్లాలోని రోజిద్, దాని పరిసర గ్రామాలలో నలభై మందికి పైగా మరణించారు.

రోజిద్ ఉదంతంలో గమనార్హమైన విషయమొకటి ఉన్నది. తమ ఊళ్లో సారా అమ్మకం సాగుతున్నదని ఆ గ్రామ సర్పంచి కొన్ని నెలల ముందే, 2022 మార్చిలో, పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. దుర్ఘటన తరువాత ప్రభుత్వం ఇద్దరు జిల్లా పోలీసు సూపరింటెండెంట్లను బదిలీ చేసి, కొందరు కింది అధికారులను సస్పెండ్ చేసింది. ఇక్కడ చట్టం లోపించలేదు, శిక్ష లోపించలేదు, ఫిర్యాదు కూడా లోపించలేదు. ఫిర్యాదు అందిన రోజుకూ చర్య తీసుకొన్న రోజుకూ నడుమ ఎన్ని రోజులని అడిగే నాథుడు లోపించాడు.

రోజిద్‌లో జనం తాగినది సారా అనడం కూడా సరికాదు. పరిశ్రమల అవసరానికి వాడే మిథైల్ ఆల్కహాలును ఒక గోదాము నుంచి దొంగిలించి, నీళ్లు కలిపి అమ్మారని దర్యాప్తులో తేలింది. తాగే మద్యంలోని ఇథైల్ ఆల్కహాలుకు, దీనికి రుచిలో, వాసనలో పెద్ద తేడా తెలియదు. కాని శరీరంలో ఇది ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, తరువాత ప్రాణాన్ని తీస్తుంది. విషలక్షణాలు వెంటనే కనపడవు; పన్నెండు గంటలో, ఒక రోజో పడుతుంది. ఆ వ్యవధిలో ఆసుపత్రికి చేరితే విరుగుడు ఉన్నది, రక్తశుద్ధి చేసే డయాలిసిస్ ఉన్నది. అయితే తాగినట్టు చెప్పడమే నేరాంగీకారమయ్యే రాష్ట్రంలో, సొంత ఊరికి వెయ్యి కిలోమీటర్ల దూరాన గదిలో పడుకొన్న వలస కార్మికుడు ఆసుపత్రి మెట్లెక్కడానికి జంకుతాడు. పక్క చాప మీది మనిషి మగ్గం దగ్గర ఉంటాడు. కళ్లు మసకబారడం నిద్రలేమి వల్లనే అనుకొని మళ్లీ పడుకొంటాడు. రసాయన పరిశ్రమలు దండిగా ఉన్న సూరత్ జిల్లాలో ఈ ప్రమాదం ఊహామాత్రం కాదని వరేలీ చూపింది.

ఉన్నవాడికి వేరే దారి

ఇదే సూరత్‌లో డబ్బున్నవారికి ఈ బెడద లేదు. వైద్యుల సిఫార్సుతో ఆరోగ్య పర్మిట్ పొందవచ్చు. అదీ వద్దనుకొంటే వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దమణ్ ఉన్నది. 1961 దాకా పోర్చుగీసువారి ఏలుబడిలో ఉన్న ఆ తీరపట్టణంలో నిషేధం లేదు. ఇప్పుడది దాద్రా నగర్ హవేలీతో కలిసి ఒకే కేంద్రపాలిత ప్రాంతం. దానిని పాలించేది న్యూఢిల్లీ నియమించిన అధికారే. గుజరాత్ నిషేధాన్ని కీర్తించే కేంద్ర నాయకుల ఏలుబడిలోనే, గుజరాత్ గడప ముందు, లైసెన్సు గల దుకాణాలు నియమిత వేళల్లో వ్యాపారం చేస్తున్నాయి. డిసెంబరు 31న ఆ సరిహద్దులో తిరిగివచ్చే కార్లను పోలీసులు సోదా చేయడం ఏటా జరిగే ఉత్సవం వంటిది.

2023 డిసెంబరు 22న గుజరాత్ ప్రభుత్వం గాంధీనగర్ సమీపంలోని గిఫ్ట్ సిటీలో హోటళ్లలో, క్లబ్బులలో మద్యం సేవించడానికి అనుమతించింది. అక్కడ పనిచేసే ఉద్యోగులకూ, వారి అతిథులకూ పర్మిట్లు. ప్రపంచ స్థాయి వ్యాపార వాతావరణం కోసమని సమర్థించుకొన్నారు. అంటే లెక్కల పుస్తకాలతో పనిచేసేవాడు అలసిపోతే దానికొక లైసెన్సు ఉన్నది. మగ్గంతో పనిచేసేవాడు అలసిపోతే దానికొక సెక్షను ఉన్నది. నిషేధం నీతి అయితే గాంధీనగర్‌లోనూ నీతే కావాలి.

ఇంతమాత్రాన నిషేధాన్ని ఎత్తివేయాలనడం తేలిక. కాని గుజరాత్ స్త్రీలను అడిగితే, రాత్రివేళ వీథిలో నిర్భయంగా నడవగలగడానికి ఈ చట్టం కూడా ఒక కారణమని చెప్పేవారు ఎందరో ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మద్యం తాగుతామని చెప్పిన పురుషులు గుజరాత్‌లో నూటికి సుమారు ఆరుగురు. తెలంగాణలో నూటికి సుమారు నలభై ముగ్గురు. నేరమయిన చోట నిజం చెప్పేవారు తక్కువేనన్న తగ్గింపు వేసుకొన్నా, ఈ అంతరాన్ని కొట్టివేయలేము.

మన ఇంటి సంగతి

ఈ లెక్క చూసి గుజరాత్‌ను తప్పుపట్టే ముందు మన గతాన్ని తలచుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ దుకాణానికి లైసెన్సు ఉన్నది, వేళలు ఉన్నాయి. వాటివల్ల తమ ఇళ్లకు ఒరిగినది లేదని వారు తేల్చారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వపు సంపూర్ణ నిషేధం ఆ ఉద్యమ ఫలాలు. 1997లో సంపూర్ణ నిషేధం ముగిసింది. ఖజానా తట్టుకోలేదన్నారు; పొరుగు రాష్ట్రాల సరుకు ఆగలేదన్నారు. రెండూ అబద్ధాలు కావు.

ఆ తరువాత మనకు తలుపులు వచ్చాయి, తాళాలూ వచ్చాయి. అయినా ఊరి చివర కిరాణా కొట్టులో, కోళ్ల గూడు పక్కన, అర్ధరాత్రి కూడా సీసా దొరికే బెల్టు షాపు వచ్చింది. 2014 జూన్ 8న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన చంద్రబాబు నాయుడు చేసిన తొలి సంతకాలలో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019లో వచ్చిన జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం తాను 43 వేల బెల్టు షాపులను తొలగించినట్టు ప్రకటించుకొన్నది. ముందే రద్దయినవి మళ్లీ అంత సంఖ్యలో ఎక్కడి నుంచి వచ్చాయో ఏ పక్షమూ ప్రజలకు వివరించలేదు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి ప్రైవేటు దుకాణాలు, 3,396 లైసెన్సులతో, ఉదయం పది నుంచి రాత్రి పది వేళలతో వచ్చాయి.

తెలంగాణలో 2023లో 2,620 దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. తిరిగిరాని దరఖాస్తు రుసుము రెండు లక్షలు. దుకాణం తెరవకముందే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు చేరింది. ఇంత విలువైన లైసెన్సును వేళ తప్పిందని ప్రభుత్వం రద్దు చేస్తుందా? నగరంలోనైతే ఒక్కొక్కప్పుడు చేస్తుంది. 2022 ఏప్రిల్ 3 తెల్లవారుజామున బంజారా హిల్స్‌లోని ఒక హోటల్ పబ్బుపై దాడి జరిగి సుమారు 150 మందిని ఠాణాకు తరలించినప్పుడు పబ్బు లైసెన్సు రద్దయింది, స్థానిక ఇన్‌స్పెక్టర్ సస్పెండ్ అయ్యాడు. కాగితం ఉన్నది గనుక ఇద్దరినీ ప్రశ్నించగలిగారు. పల్లెలోని బెల్టు షాపుకు ఆ కాగితం లేదు. రోజిద్‌లో లాగానే.

తేడా ఒక్కటే. గుజరాత్‌లో దొంగసరుకు ప్రభుత్వానిది కాదు. మన బెల్టు షాపు సీసా సర్కారు డిపో నుంచి బయలుదేరి, లైసెన్సు దుకాణం గుండా వచ్చినదే. దాని మీద పన్ను ముందే వసూలైంది. అందువల్ల రాత్రి పది తరువాత అమ్ముడుపోయే ప్రతి సీసాలోనూ ప్రభుత్వానికి వాటా ఉన్నది. తిలాపాపం తలా పిడికెడు.

అడగవలసినవి

నిషేధమా, లైసెన్సా అన్న వాదం మన కాలంలో తెగేది కాదు. దానికోసం ఆగకుండా చేయదగినవి కొన్ని ఉన్నాయి. మిథైల్ ఆల్కహాలు ప్రతి డ్రమ్ముకూ కర్మాగారం నుంచి వాడకం దాకా లెక్క ఉండాలి. కల్తీసారా తాగి ఆసుపత్రికి వచ్చినవాడిపైనా, తెచ్చినవాడిపైనా కేసు పెట్టబోమని గుజరాత్ ప్రభుత్వం ప్రకటించి, ఆ మాటను మగ్గాల వాడలలో ఒడియాలో, హిందీలో, తెలుగులో గోడల మీద రాయించాలి. గ్రామం నుంచి ఫిర్యాదు వస్తే ఎన్ని రోజులలో ఏమి చేశారో ఠాణా అధికారి రాతపూర్వకంగా తిరిగి తెలపాలి. ఇక మన రాష్ట్రాలలో సీసా మూత మీద హోలోగ్రామ్ ముద్ర ఉన్నది. బెల్టు షాపులో పట్టుబడిన సీసా ఏ లైసెన్సు దుకాణం నుంచి వచ్చిందో ఆ ముద్ర చెప్పగలగాలి. కిరాణా కొట్టు ముసలమ్మ మీద కేసు పెట్టి సరిపెట్టుకోక, ఆ దుకాణం లైసెన్సును రద్దు చేసిన నాడు రాత్రి పది గంటలన్న వేళకు పల్లెల్లోనూ అర్థం ఏర్పడుతుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు. అక్కరలేదు గనుకనే శాసనసభలలో వీటి గురించి చర్చ జరగదు. వచ్చే డిసెంబరు 31న ఢిల్లీలో, హైదరాబాదులో పబ్బులు ఎన్ని గంటలకు మూయాలో మళ్లీ చర్చిస్తారు. బమ్రోలిలో ఆ సాయంత్రం కూడా ఏడింటికే షిఫ్టు మారుతుంది. అక్కడి మనవాడి క్షేమం గురించి అడగవలసిన బాధ్యత గాంధీనగర్‌కు ఎంత ఉన్నదో, ఓట్ల కోసం అతడిని స్వగ్రామానికి పిలిపించుకొనే మన నాయకులకూ అంతే ఉన్నది.